పొద్దెరిగిన దినచర్య

కాలాన్ని కొలవడానికి మానవుడు రెండు సాధనాలను ఆశ్రయించాడు. ఒకటి ఆకాశంలో కదిలే సూర్యుడు. రెండవది గోడమీద తిరిగే గడియారం. మొదటిది ప్రకృతి ప్రసాదించినది; రెండవది తన అవసరంకోసం తాను కల్పించుకొన్నది. గడియారానికి ఋతుభేదం లేదు. వైశాఖంలో ఆరుగంటలు ఎట్లాగో మార్గశిరంలోనూ ఆరుగంటలు అట్లాగే. సూర్యుని లెక్క వేరు. ఒక ఋతువులో ఉదయం ఆరుగంటలకు ఎండ వాకిట్లో పరచుకొని ఉంటుంది. మరొక ఋతువులో అదే ఆరుగంటలకు ముంగిట ముగ్గు వేయడానికి దీపం కావలసివస్తుంది. ఈ భేదాన్ని పల్లెలోని కర్షకుడు ఎన్నడూ విస్మరించలేదు. నగరవాసి మాత్రం క్రమంగా విస్మరిస్తున్నాడు. "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అన్న సామెత అతని నోట వినబడుతుంది కాని, అతని దినచర్యలో కనబడదు.

నగరాలలోని విద్యాలయాలు, కార్యాలయాలు, పనిస్థలాలు తమ వేళలను ఋతువునుబట్టి కొద్దిగానైనా సవరించుకోవడం అవసరం. ఆ సవరణ లేనందువలన కలిగే నష్టం అందరికీ సమానంగా పంచబడదు. మండుటెండలో ఇటుకలు మోసేవారు, మునిచీకటిలో ఒంటరిగా ఇంటికి చేరేవారు ఆ నష్టంలో పెద్దభాగాన్ని భరిస్తున్నారు.

ఈ విషయాన్ని పరిశీలించడానికి విశాఖపట్నం చక్కని ఉదాహరణ. సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంమీద, బంగాళాఖాతానికి అభిముఖంగా, తూర్పుకనుమల కొండలకు ఆనుకొని వెలసిన నగరమిది. ఇక్కడ సూర్యుడు సముద్రంలోనుండి పైకి వచ్చి కొండలవెనుక అస్తమిస్తాడు. జూన్ 21 ప్రాంతంలో ఉదయం సుమారు 5.23 గంటలకు సూర్యోదయం, సాయంత్రం 6.34 గంటలకు సూర్యాస్తమయం అవుతాయి. అంటే పగటి పరిమాణం 13 గంటల 11 నిమిషాలు. డిసెంబరు 21 ప్రాంతంలో సూర్యుడు సుమారు 6.23 గంటలకు ఉదయించి 5.27 గంటలకే అస్తమిస్తాడు. అప్పుడు పగలు 11 గంటల 4 నిమిషాలు మాత్రమే. రెండింటికీ రెండు గంటలకు పైగా వ్యత్యాసం ఉన్నది. లండన్ వంటి నగరాలలో వేసవి పగలు పదహారున్నర గంటలు దాటుతుంది, శీతకాలపు పగలు ఎనిమిది గంటలకు లోపే ముగుస్తుంది. దానితో పోలిస్తే విశాఖలోని తేడా స్వల్పమే. అట్లా స్వల్పంగా తోచడమే దానిని పట్టించుకోకపోవడానికి కారణమయింది.

ఇందులో మరొక విశేషం ఉన్నది. సంవత్సరంలో అన్నిటికంటె చిన్న పగలు డిసెంబరు 21 ప్రాంతంలో వస్తుంది గనుక సాయంత్రం త్వరగా చీకటిపడేదీ, ఉదయం ఆలస్యంగా తెల్లవారేదీ ఆనాడే అని చాలామంది భావిస్తారు. వాస్తవం అట్లా లేదు. విశాఖలో సూర్యుడు అన్నిటికంటె ముందుగా అస్తమించేది నవంబరు చివరి వారంలో, దాదాపు 5.20 గంటలకు. అన్నిటికంటె ఆలస్యంగా ఉదయించేది జనవరి మూడవ వారంలో, దాదాపు 6.31 గంటలకు. భూమి అక్షం వంగి ఉండడంవలన, భూకక్ష్య దీర్ఘవృత్తాకారంలో ఉండడంవలన ఒక మధ్యాహ్నంనుండి మరుసటి మధ్యాహ్నానికి గల వ్యవధి కచ్చితంగా 24 గంటలుగా ఉండక స్వల్పంగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అందువలన ఈ వైచిత్రి ఏర్పడుతున్నది. కాబట్టి వేళలను సవరించదలచినవారు నవంబరులో సాయంకాలాన్ని, జనవరిలో ఉదయాన్ని దృష్టిలో ఉంచుకోవాలి.

ఈ ఎరుక తెలుగువారికి కొత్తదేమీ కాదు. పంచాంగంలో అహఃప్రమాణమనే పేరుతో పగటి పరిమాణాన్ని పేర్కొనే సంప్రదాయం ఉన్నది. పూర్వులు పగటిని పదిహేను ముహూర్తాలుగా విభజించారు. ముహూర్తమంటే సామాన్యంగా రెండు ఘడియలు, అనగా 48 నిమిషాలు. అయితే పగటినే పదిహేను భాగాలు చేసినప్పుడు ఆ భాగం పగటితోపాటు పెరుగుతుంది, తరుగుతుంది. విశాఖపట్నంలో అది జూన్ నెలలో దాదాపు 53 నిమిషాలు, డిసెంబరులో దాదాపు 44 నిమిషాలు. మూడేసి ముహూర్తాలను ఒక భాగంగా గ్రహించి పగటిని ప్రాతఃకాలం, సంగవం, మధ్యాహ్నం, అపరాహ్ణం, సాయాహ్నం అని ఐదు విధాలుగా పేర్కొన్నారు. ప్రబంధాలలో ఉండవలసిన అష్టాదశవర్ణనలలో నగరం, సముద్రం, ఋతువులు, సూర్యోదయం చోటుచేసుకొన్నాయి. నగరాన్ని వర్ణించే కవి ఆ నగరంమీద ఉదయించే సూర్యుణ్ణి కూడా వర్ణించాడు. జానపదులకు ఇంతటి శాస్త్రచర్చ అవసరం కాలేదు. "పుష్యమాసంలో పూసగుచ్చే పొద్దు కూడా ఉండదు" అన్న ఒక్క మాటతో పగటి హ్రస్వత్వాన్ని వారు తేల్చిచెప్పారు. అంబటిపొద్దు, మునిమాపు, సందెవేళ వంటి పదాలు గంటలను లెక్కించవు. వెలుగును, ఆకలిని, చేయవలసిన పనిని సూచిస్తాయి.

సముద్రతీరంలో ఈ ఎరుక జీవనాధారం కూడా. రాత్రివేళ నేల సముద్రంకంటె త్వరగా చల్లబడుతుంది. అప్పుడు గాలి నేలమీదనుండి సముద్రంవైపు వీస్తుంది. పగలు నేల వేడెక్కిన తరువాత గాలి దిశ మారి సముద్రంమీదనుండి ఒడ్డుకు వస్తుంది. తెరచాపలతో తెప్పలు నడిపిన కాలంలో జాలరులు వేకువజామున నేలగాలి సాయంతో వేటకు బయలుదేరి, పగలు సముద్రపుగాలి అందుకొని తీరానికి మరలేవారు. ఇంజన్లు వచ్చిన తరువాత గాలిమీద ఆధారపడడం తగ్గినా, తెల్లవారకముందే మేలుకొనే అలవాటు జాలరిపేటలను విడిచిపోలేదు. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు 61 రోజులపాటు చేపలు గుడ్లుపెట్టే కాలాన్ని పురస్కరించుకొని మరపడవల వేటను నిషేధిస్తున్నారు. ఒక వృత్తి మొత్తం ఋతువుకు లోబడి నడుస్తున్న నగరంలో, తక్కిన పనులు ఋతువును లెక్కచేయకుండా సాగడం విచిత్రం.

ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. వేళలను మార్చడమంటే గడియారాన్ని మార్చడమా? దేశమంతటికీ ఒకే కాలమానం ఉండడంవలన కలిగిన మేలు తక్కువది కాదు. 1906 జనవరి 1నుండి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. ఆ రేఖ కాకినాడకు సమీపంగా పోతుంది. విశాఖపట్నం దానికి కొద్దిగా తూర్పున ఉన్నది గనుక ఇక్కడ గడియారానికి, సూర్యునికి పెద్దగా వైరం లేదు. ముంబయిలో సూర్యుడు నడినెత్తికి రావడానికి విశాఖకంటె 40 నిమిషాలకు పైగా ఆలస్యమవుతుంది. అస్సాంలోని తేయాకు తోటలలో ప్రామాణిక కాలంకంటె ఒక గంట ముందుండే 'బాగాన్' సమయాన్ని పాటించే ఆచారం ఏర్పడింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942 సెప్టెంబరునుండి 1945 అక్టోబరువరకు, దేశంలోని గడియారాలన్నిటినీ ఒక గంట ముందుకు జరిపారు. రైళ్ళు, బ్యాంకులు, పరీక్షలు ఒకే కాలమానంమీద నడిచే నేటి వ్యవస్థలో గడియారాన్ని కదిలించనక్కరలేదు. గడియారం వేరు, వేళల పట్టిక వేరు. మొదటిది దేశానికి సంబంధించినది. రెండవది ఆయా సంస్థల చేతిలో ఉన్నది.

వేళల పట్టికను సవరించడం సాధ్యమేనని నిరూపించడానికి దూరం పోనవసరం లేదు. మార్చి నెల నడిమినుండి పాఠశాలలకు ఒంటిపూట బడులు నిర్వహించడం తెలుగునాట చిరకాలంగా ఉన్న ఆచారం. పిల్లలు ఎండ ముదరకముందే ఇంటికి చేరాలనే సదుద్దేశంతో ఏర్పడిన ఏర్పాటు అది. దానివలన ఎవరి గడియారమూ తారుమారు కాలేదు. పిల్లల విషయంలో చూపిన ఈ వివేకాన్ని పెద్దల విషయంలో, ముఖ్యంగా శ్రామికుల విషయంలో చూపకపోవడమే విచారకరం.

వేసవిలో విశాఖ వంటి తీరనగరపు ఎండ స్వభావం ప్రత్యేకమైనది. మే నెల రెండవ వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరొకసారి సూర్యుడు సరిగా నడినెత్తిమీదికి వస్తాడు. నిలువుగా నిలిపిన కర్రకు ఆ క్షణంలో నీడ ఉండదు. గాలిలో తేమ అధికంగా ఉండడంవలన చెమట ఆరదు. చెమట ఆరకపోతే శరీరం చల్లబడదు. సముద్రపుగాలి వీచిన దినం కొంత ఊరట లభిస్తుంది. పడమటి వేడిగాలి బలంగా వీచి సముద్రపుగాలిని అడ్డుకొన్న దినం ఎండ ప్రాణాంతకమవుతుంది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వీచిన వడగాడ్పులకు వేయికి మించి ప్రాణాలు పోయాయి. అటువంటి కాలంలో కట్టడాలవద్ద, రహదారి పనులవద్ద ఉదయం తొమ్మిదికి ప్రారంభించి సాయంత్రం అయిదుకు ముగించే పద్ధతి అమానుషం. మే నెలలో ఉదయం 5.30నుండి 11 గంటలవరకు, తిరిగి సాయంత్రం 4నుండి 6.30వరకు పనిచేసినా ఎనిమిది గంటలు పూర్తి అవుతాయి. పనిలో లోటు రాదు, కూలిలో కోత పడదు. నడుమ అయిదు గంటలు మనిషి నీడన ఉంటాడు.

అయితే ఈ సూచనను కాగితంమీద వ్రాసినంత సులభంగా అమలు జరపడం కుదరదు. ఆనందపురంనుండో, పెందుర్తినుండో వచ్చే కూలి ఉదయం 5.30కి పనిచోటుకు చేరాలంటే నాలుగున్నరకే బస్సు కావాలి. మధ్యాహ్నం దొరికిన అయిదు గంటల విరామంలో అతడు ఇంటికి పోయిరాలేడు. అతనికి పనిచోటనే నీడ, త్రాగునీరు, నడుము వాల్చడానికి చోటు ఉండాలి. తల్లి పనికి వస్తే పసిబిడ్డను చూచుకొనే ఏర్పాటు ఉండాలి. ఇవి లేకుండా పనివేళలను మాత్రమే మార్చితే, మేలు చేయబోయి కీడు చేసినట్లవుతుంది. ఒకరి వేళ మారితే దానిని ఆనుకొన్న పదిమంది వేళలు మారాలి. కనుక ఇది గుత్తేదారు ఔదార్యానికి విడిచిపెట్టవలసిన విషయం కాదు. నగరపాలక సంస్థ, రవాణా సంస్థ, కార్మికశాఖ కలిసి ఆలోచించవలసిన విషయం.

వేసవిలో శ్రామికునికి ఎండ శత్రువయితే, శీతకాలంలో విద్యార్థినికి చీకటి శత్రువవుతుంది. సాయంత్రం అయిదుగంటలకు కళాశాల విడిచిపెట్టారనుకొందాం. జూలైలో భీమిలికో, అనకాపల్లికో పోవలసిన అమ్మాయి గంటసేపు ప్రయాణించినా వెలుతురు ఉండగానే ఇల్లు చేరుతుంది. నవంబరులో ఆమె బస్సుకోసం నిలుచున్నప్పుడే 5.20కి సూర్యుడు అస్తమిస్తాడు. ఈ అక్షాంశంలో సంధ్యాకాంతి దీర్ఘకాలం నిలువదు. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలలో చీకటి కమ్ముకొంటుంది. బస్సు దిగి ఊరిలోకి నడిచే చివరి కిలోమీటరు చీకటిలోనే సాగుతుంది. దీపాలులేని ఆ దారికి భయపడి కూతురి చదువు మాన్పించాలని తలచే తల్లిదండ్రులు సమాజంలో ఇంకా ఉన్నారు. నవంబరు, డిసెంబరు నెలలలో తరగతులను అరగంట ముందు ప్రారంభించి అరగంట ముందు ముగిస్తే ఈ చిక్కు చాలవరకు తొలగుతుంది. పాఠాలకు నష్టం ఉండదు. జనవరిలో మాత్రం ఉదయం ఆలస్యంగా తెల్లవారుతుంది గనుక, ఆరుగంటలకే ప్రత్యేక తరగతులు పెట్టే సంస్థలు వాటిని ఏడుగంటలకు జరపడం మంచిది.

వెలుతురు దారి చూపడానికి మాత్రమే కాక దేహాన్ని నడిపించడానికి కూడా అవసరమని శాస్త్రజ్ఞులు నిరూపించారు. ప్రాణుల శరీరంలో దినచక్రాన్ని నియంత్రించే జన్యువుల పనితీరును కనుగొన్నందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నిద్ర, మెలకువ, దేహోష్ణం వంటివి లోపలి గడియారాన్ని అనుసరిస్తాయి. ఆ గడియారాన్ని ప్రతిదినం సరిచేసేది ప్రధానంగా వెలుతురే. తరగతిగదిలో సాధారణంగా ఉండే వెలుతురు కొన్ని వందల లక్సులు. ఆరుబయట చెట్టునీడలో సైతం అది వేలలో ఉంటుంది. నిండు ఎండలో లక్షవరకు పోతుంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో జరిపిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. పాఠశాలలో ప్రతిదినం అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన పిల్లలలో మూడేళ్ళ కాలంలో నూటికి 30 మందికి, అట్లా గడపని వారిలో దాదాపు 40 మందికి హ్రస్వదృష్టి ఏర్పడింది. తెల్లవారకముందే పుస్తకంముందు కూర్చుండి, పొద్దుగూకిన తరువాత గాని గది విడువని వసతి విద్యార్థి ఈ లెక్కను తప్పక తెలుసుకోవాలి. అతని దినచర్యను నిర్ణయించే యాజమాన్యాలు అంతకుముందే తెలుసుకోవాలి.

విద్యుద్దీపాలు వచ్చిన తరువాత రాత్రింబవళ్ళ భేదమే లేదనీ, ఈ ఆలోచన పాతకాలపుదనీ వాదించేవారు ఉన్నారు. విశాఖ ఓడరేవు, ఉక్కు కర్మాగారం రాత్రివేళ కూడా పనిచేస్తూనే ఉన్నాయి గదా అని వారు ప్రశ్నిస్తారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. రాత్రి పని తప్పని పరిశ్రమలు కొన్ని ఉంటాయి. వాటిలోని కార్మికులు షిఫ్టులు మారినప్పుడల్లా నిద్రతో పడే అవస్థ వారి కుటుంబాలకు తెలుసు. తప్పనిసరి అయినవారు భరిస్తున్న కష్టాన్ని తప్పించుకోగలిగినవారు కూడా కొనితెచ్చుకోవడం వివేకం కాదు. పైగా దీపంమీద పెట్టుకొన్న ధీమా ఎంతవరకు నిలుస్తుందో ప్రకృతే ఒకసారి చూపింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖవద్ద తీరం దాటినప్పుడు విద్యుత్ స్తంభాలు నేలకూలి నగరం అంధకారంలో మునిగింది. తరువాత కొన్ని దినాలపాటు నగరవాసులు నీళ్ళు తెచ్చుకోవడం, వంట చేసుకోవడం, కూలిన చెట్లను తొలగించుకోవడం సూర్యుడు ఉన్నంతసేపటిలోనే ముగించుకోవలసివచ్చింది. పొద్దునుబట్టి పని అమర్చుకొనే నేర్పు నగరానికి పూర్తిగా పోలేదని ఆ దినాలు తెలియజేశాయి.

ఆ నేర్పు ఇళ్ళలో నేటికీ మిగిలి ఉన్నది. వడియాలు పెట్టే గృహిణి ఏ నెలలో డాబామీద ఏ మూలకు ఎంతసేపు ఎండ తగులుతుందో ఎరుగును. ఆవకాయకు మిరపకాయలు ఎండబెట్టే వృద్ధురాలు మబ్బు రంగు చూచి గంపను లోపలికి తెస్తుంది. సాగరతీరంలో ఉదయపు నడకకు వచ్చేవారు వేసవిలో ఒక వేళకు, శీతకాలంలో మరొక వేళకు రావడం ఎవరూ ఆదేశించకుండానే జరుగుతున్నది. తన కాలంమీద తనకు అధికారం ఉన్న ప్రతి మనిషీ సూర్యుణ్ణి అనుసరిస్తున్నాడు. ఆ అధికారం లేనివాడే గడియారానికి కట్టుబడి ఎండలోనో, చీకటిలోనో మిగిలిపోతున్నాడు. ఈ అసమానతను తగ్గించడమే వేళల సవరణకు అసలు ప్రయోజనం.

విద్యార్థులు దీనిని తమ స్థాయిలోనే ప్రారంభించవచ్చు. ఒక సంవత్సరంపాటు ప్రతి నెలా మొదటి తేదీన సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలను పుస్తకంలో వ్రాసుకొంటే తమ ఊరి పగలు ఏ విధంగా పెరుగుతున్నదో, తరుగుతున్నదో స్పష్టమవుతుంది. దానిపక్కనే తాము ఇంటినుండి బయలుదేరే వేళ, తిరిగి చేరే వేళ వ్రాసుకొంటే ఏ నెలలో ఎవరికి ఇబ్బంది కలుగుతున్నదో తేటపడుతుంది. అటువంటి పట్టికను ఆధారంగా చూపి కళాశాల వేళలను అరగంట జరపమని కోరితే, ఆ కోరికను కాదనడానికి ప్రధానాచార్యునికి కూడా తగిన కారణం కావాలి. సూర్యకాంతి ఎవరి సొత్తూ కాదు. దానికి పన్ను లేదు, ధర లేదు. అందరికీ ఉచితంగా లభించే ఆ సంపద అందరి అనుభవానికీ వచ్చేటట్లు వేళలను తీర్చిదిద్దుకోవడం నాగరిక సమాజపు కర్తవ్యం.